ఇంటిపేరు ఎవరిది?

తెలుగువారి ఇంటిపేరు మనిషి పేరుకు ముందు వస్తుంది, ఇంగ్లీషువారిది తర్వాత వస్తుంది. ఈ తేడా ఆచారానికి మాత్రమే సంబంధించినది అనిపిస్తుంది గాని, తెలుగు వైపు నుంచి చూస్తే అందులో వ్యాకరణం కూడా ఉంది. తెలుగులో విశేషణం నామవాచకానికి ముందే ఉంటుంది. 'చెరువుకాడోళ్ల మల్లయ్య', 'పెద్దింటోళ్ల ఎంకమ్మ' అని ఊళ్లో పిలిచే పిలుపే కాలక్రమంలో కుదించుకుపోయి ఇంటిపేరుగా స్థిరపడింది. అంటే ఇంటిపేరు పుట్టుకతోనే విశేషణం. విశేషణం అన్నాక అది దేని గురించో ఒకటి చెప్పాలి. పది తరాలు గడిచాక ఆ మాట ఏం చెబుతోంది, ఎవరి గురించి చెబుతోంది, అది మనిషిలో భాగమా లేక మనిషికి తగిలించిన గుర్తా అన్నవి భాషాశాస్త్రంతో తీరే ప్రశ్నలు కావు. నామానికీ మనిషికీ ఉన్న సంబంధం మీద ఉపనిషత్తులు, బౌద్ధం, వీరశైవం, ఇస్లాం చెప్పినదంతా ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

ఈ ప్రశ్నను నేల మీద నిలబెట్టి చూడడానికి బషీరాబాద్ తగిన చోటు. వికారాబాద్ జిల్లా పడమటి కొసన, తాండూరు దాటాక, కర్ణాటకలోని సేడం తాలూకాను ఆనుకుని ఉన్న మండలం ఇది. ఇక్కడి ఊరిపేర్లలో ఒకటికి మించిన భాషలు కలిశాయి. నీళ్లపల్లి తెలుగు. గొటిగ కలాన్, గొటిగ ఖుర్ద్ అన్న జంట ఊళ్ల చివరి మాటలు ఫారసీవి. కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. దామర్‌చెడ్, ఇందర్‌చెడ్, కొర్విచెడ్ అంటూ ఒకే తోకతో ముగిసే ఊళ్లు ఇక్కడ గుంపుగా ఉన్నాయి. మండలం పేరు బషీరాబాద్ అయినా, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గంలో ఇక్కడి స్టేషన్ పేరు నావంద్గి. జిల్లా కేంద్రమైన వికారాబాద్ పేరులో పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా బిరుదు ఉంది. అక్కడ మనిషి బిరుదు ఊరికి పేరైంది. ఇంటిపేరు విషయంలో జరిగేది దానికి తలకిందులు: ఊరు మనిషికి పేరవుతుంది.

ఊరు ఎప్పుడు పేరవుతుంది? మనిషి ఊరు విడిచినప్పుడు. ఇందర్‌చెడ్‌లో ఉన్నంతకాలం అందరూ ఇందర్‌చెడ్ వాళ్లే కాబట్టి ఆ మాట ఎవరినీ వేరుచేసి చూపదు. అక్కడి కుటుంబం ఒకటి తాండూరుకో చించోళికో తరలిపోతే, కొత్త ఊరివాళ్లకు ఆ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఒక మాట కావాలి. పాత ఊరి పేరు అప్పుడు అక్కరకొస్తుంది. కాబట్టి ఊరి పేరున్న ఇంటిపేరు ఆ కుటుంబం తనకు తాను పెట్టుకున్నది కాదు, చుట్టుపక్కలవాళ్లు పెట్టినది. అది ఒక ఊళ్లో ఉన్నామని చెప్పే మాట కూడా కాదు, ఒక ఊళ్లో ఇక లేమని చెప్పే మాట.

ఇందుకు బూర్గుల రామకృష్ణారావు పేరు స్పష్టమైన ఉదాహరణ. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి అయిన ఆయన 1899లో పుట్టింది కల్వకుర్తి దగ్గరి పడకల్లులో. బూర్గుల అన్నది షాద్‌నగర్ పక్కనున్న ఊరు. ఆ కుటుంబానికి అంతకుముందున్న ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరు వచ్చి పాత ఇంటిపేరును పక్కకు నెట్టేసింది. ఇంటిపేరు అనాదిగా వస్తున్నదని, మార్పులేనిదని అనుకునేవారు ఈ ఒక్క సంగతి మీద ఆగి ఆలోచించవలసి ఉంటుంది. పుల్లంరాజు వంశంలో పుట్టినవారు బూర్గులవారైనప్పుడు వంశం మారలేదు, మనుషులు మారలేదు. వారిని పిలిచేవారి అవసరం మారింది.

ఇంగ్లండులోనూ ఇదే దారి. 1066 నాటి నార్మన్ విజయం తర్వాత ముందుగా భూస్వాముల ఇళ్లలో, ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లలో సామాన్యుల ఇళ్లలో వారసత్వపు ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. వాటిలో ఎన్నో ఊళ్ల పేర్లు. కొన్నయితే ఒక్క పొలం పేరో, ఒక్క వాగు పేరో. అలాంటి చిన్న చోటు నుంచి పుట్టిన అరుదైన ఇంటిపేరు శతాబ్దాలు గడిచినా ఆ చోటు చుట్టూ ఇరవై ముప్పై మైళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. హెన్రీ గప్పీ 1890లో ప్రచురించిన గ్రంథంలో బ్రిటన్ ఇంటిపేర్ల స్వస్థలాలను కౌంటీల వారీగా గుర్తించడానికి రైతుల పేర్లను మాత్రమే లెక్కకు తీసుకున్నాడు. మట్టిని అంటిపెట్టుకుని కదలకుండా ఉండేవాళ్లు రైతులేనన్నది అతని ఆలోచన. తాండూరు ప్రాంతానికి కూడా అది సరిపోయే ఆలోచనే. కందిచేను, నాపరాయి గని ఉన్నచోట మనిషి నిలిచిపోతాడు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 'తాండూరు' అన్న మాట ఇప్పుడు ఆ పంటకు చట్టం ఒప్పుకున్న ఇంటిపేరు లాంటిది. ఫలానా నేలలో పండితేనే ఆ పేరు పెట్టుకోవాలన్న షరతు కందికి ఉంది గాని మనిషికి లేదు.

ఇంటిపేర్లన్నీ ఊళ్ల నుంచి రాలేదు. ఈ ప్రాంతంలో తరచు వినిపించే 'పట్లోళ్ల' అన్న ఇంటిపేరు 'పటేలు వాళ్ల' అన్న మాటకు వాడుక రూపం. నిజాం పాలనలో మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ అన్నవి ఊరి ఉద్యోగాలు, వంశపారంపర్యంగా నడిచినవి. 'ఎవరోళ్ల పిల్లగాడివి?' అని అడిగితే 'పట్లోళ్ల' అని వచ్చిన జవాబే ఇంటిపేరుగా కాగితానికి ఎక్కింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ గ్రామోద్యోగాలను రద్దు చేసింది. ఉద్యోగం పోయింది, ఇంటిపేరు ఉంది. ఆ తర్వాత పుట్టిన పట్లోళ్ల పిల్లలకు పటేలు చేసే పని ఏమిటో పెద్దలు వివరించి చెప్పాలి. కొత్త మాటలు పాత పద్ధతిలోనే అతుక్కోవడం కూడా ఇక్కడే చూడవచ్చు. 2018లో తాండూరు నుంచి శాసనసభకు ఎన్నికైన పంజుగుల రోహిత్ రెడ్డిని జనం 'పైలట్' రోహిత్ రెడ్డిగానే ఎరుగుదురు. వెనకటి రోజుల్లో అయితే ఒకటి రెండు తరాల్లో అది ఇంటిపేరయ్యేది.

భారతీయ శబ్దశాస్త్రం దగ్గర ఈ పరిణామానికి తగిన మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవయవాల అర్థాన్ని బట్టి వస్తువును చెప్పే పదం యౌగికం. అర్థంతో పని లేకుండా వాడుక బలంతో ఒకదాన్నే సూచించే పదం రూఢం. పంకజం రెండింటి నడుమ నిలుస్తుంది: బురదలో పుట్టినవన్నీ పంకజాలు కావు, తామర మాత్రమే పంకజం. పతంజలి మహాభాష్యంలో జాతి, గుణం, క్రియ అనే మూడు ఆధారాలతో పాటు నాలుగోది యదృచ్ఛ అన్నాడు. ఏ కారణమూ లేకుండా పిలిచేవారి ఇష్టంతో పెట్టిన పేర్లు అవి. మర్రి చెన్నారెడ్డి ఈ జిల్లావారే, 1919లో మర్పల్లి దగ్గరి సిరిపురంలో పుట్టారు. ఆయన ఇంటిపేరు వినగానే ఎవరికీ మర్రిచెట్టు కళ్లముందు నిలవదు. మొదట ఎప్పుడో ఎవరి ఇంటినో చెట్టు గుర్తుతో చూపించి ఉండవచ్చు. ఆ నాడు యౌగికం, ఈ నాడు రూఢం. ఇంటిపేరు వయసు పెరిగేకొద్దీ అర్థాన్ని పోగొట్టుకుంటుంది. అర్థం పోయిన మాట గౌరవాన్నో తక్కువతనాన్నో మోసుకు తిరగడమే ఇందులో చిక్కు.

ఆ చిక్కును విప్పాలంటే ఇంటిపేరునూ గోత్రాన్నీ వేరుచేసి చూడాలి. రెండూ వంశాన్ని చెప్పేవే అన్న భ్రమ బలంగా ఉంది. గుడిలో అర్చన చేయించేటప్పుడు పూజారి గోత్రం అడుగుతాడు, పేరు అడుగుతాడు, ఇంటిపేరు అడగడు. శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాతలను గోత్రంతో, పేరుతో తలుస్తారు. ఇంటిపేరు అక్కడ పలకదు. కర్మకాండకు ఇంటిపేరు తెలియదు. గోత్రాలు ఋషుల పేర్లు. సప్తర్షులు, ఎనిమిదోవాడుగా అగస్త్యుడు గోత్రకర్తలని ధర్మసూత్రాల సంప్రదాయం. ఒకే ఇంటిపేరున్న కుటుంబాలకు వేరువేరు గోత్రాలు ఉండడం, అంతకు మించి వేరువేరు కులాలు ఉండడం తెలుగునాట అందరికీ తెలిసిన సంగతి. ఒక ఊరి నుంచి బ్రాహ్మణుడు, రెడ్డి, కుమ్మరి ముగ్గురూ వలసపోతే ముగ్గురికీ ఆ ఊరే ఇంటిపేరవుతుంది. అందువల్ల ఇంటిపేరు నెత్తురుకు సాక్ష్యం కాదు. గోత్రమైనా ఎంతవరకు సాక్ష్యం? గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పి సంకల్పం నడిపించే ఆచారం ఉంది. ఆడపిల్ల పెళ్లితో భర్త గోత్రంలోకి వెళుతుంది, దత్తపుత్రుడు కన్నతండ్రి గోత్రాన్ని విడిచిపెడతాడు. సగోత్ర వివాహాలకు ఉన్న చట్టపరమైన అడ్డు 1946లోనే తొలగిపోయింది. కర్మ ఒప్పుకుంటే గోత్రం మారుతుంది, జనం పిలుపు మారితే ఇంటిపేరు మారుతుంది. మారనిది ఏదైనా ఉంటే అది ఈ రెంటిలోనూ లేదు.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడి కథ ఇక్కడ తప్పించుకోలేనిది. చదువు కోసం గురువు దగ్గరికి వెళ్లాలనుకున్న కుర్రవాడు తన గోత్రం ఏమిటని తల్లి జబాలను అడుగుతాడు. పడుచుతనంలో పదిచోట్ల పనిచేస్తూ అతన్ని కన్నానని, గోత్రం తనకు తెలియదని ఆమె దాచకుండా చెబుతుంది. తన పేరు జబాల, అతని పేరు సత్యకాముడు కనుక సత్యకామ జాబాలుడినని చెప్పుకొమ్మంటుంది. అతను హారిద్రుమత గౌతముడి ముందు నిలబడి, తల్లి చెప్పిన మాటను ఒక్క అక్షరం తగ్గించకుండా చెబుతాడు. గురువు అతను సత్యం తప్పలేదన్నాడు, సమిధలు తెమ్మన్నాడు, ఉపనయనం చేశాడు. తల్లి పేరే అతనికి ఇంటిపేరైంది. దాన్ని ఉపనిషత్తే పదిలపరిచింది.

ఈ కథను సంప్రదాయం ఒకే రకంగా చదవలేదు. బ్రహ్మసూత్రాల అపశూద్రాధికరణం దీన్ని జన్మ నిర్ధారణకు ఆధారంగా తీసుకుంది: నిజం చెప్పడాన్ని బట్టి కుర్రవాడి పుట్టుకను గురువు నిశ్చయించుకున్నాడని, ఆ తర్వాతే ఉపనయనానికి పూనుకున్నాడని. ఈ చదువులో సత్యం పుట్టుకకు గుర్తు మాత్రమే అవుతుంది. కథను కథగా చదివితే మాత్రం గురువు అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు, అయినా శిష్యుడు దొరికాడు. గోత్రం అడిగినవాడు గోత్రం లేకుండానే తృప్తి పడ్డాడు. తాను సత్యకాముడినన్న మాటను కుర్రవాడు మాటతో కాక ప్రవర్తనతో నిజం చేశాడు, పేరు యౌగికమైంది. 'మీ ఇంటిపేరేంది?' అన్న మాట వెనక కులం తెలుసుకునే ఆరాటం ఇంకా బతికున్న ఊళ్లలో ఈ రెండో చదువే నిలబడదగినది, కథ మాటలకు దగ్గరగా ఉన్నదీ అదే.

నామం మనిషితో ఎంతదూరం వస్తుందన్న ప్రశ్నకు ఉపనిషత్తుల్లోనే రెండు జవాబులున్నాయి. బృహదారణ్యకంలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ని అడుగుతాడు: మనిషి చనిపోయినప్పుడు అతన్ని విడిచిపెట్టనిది ఏది? నామం అని యాజ్ఞవల్క్యుడి జవాబు. ప్రాణం, వాక్కు, కన్ను అన్నీ తమ తమ చోట్లకు పోతాయి, పేరు మిగులుతుంది. ముండకంలో దీనికి ఎదురుగా నిలిచే ఉపమానం ఉంది: నదులు పారి పారి నామరూపాలు విడిచి సముద్రంలో కలిసినట్టు, తెలిసినవాడు నామరూపాల నుంచి విడివడి పరమపురుషుణ్ని చేరతాడు. ఈ ఉపమానాన్ని వికారాబాద్ జిల్లా నేల తన తీరులో చూపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు మీదుగా పారే కాగ్నా పడమటికి పోయి భీమలో కలిసి, భీమ పేరుతో కృష్ణను చేరుతుంది. కాగ్నా ఒకసారి కాదు, రెండుసార్లు పేరు పోగొట్టుకుంటుంది. రెండు జవాబులకూ పొత్తు కుదరదని అనుకోనక్కరలేదు. యాజ్ఞవల్క్యుడు చెబుతున్నది మనిషి పోయాక నలుగురి నోట మిగిలేదాని గురించి. ముండకం చెబుతున్నది తెలిసినవాడికి తన లోపల ఏది మిగలదో దాని గురించి. ఇంటిపేరు మొదటి కోవలోది.

పాలి గ్రంథమైన ఉదానంలో బుద్ధుడు ఇదే నదుల ఉపమానాన్ని నేరుగా గోత్రానికే వర్తింపజేశాడు. నాలుగు వర్ణాల్లో ఎవరైనా సంఘంలో చేరితే పాత నామగోత్రాలు పోయి శాక్యపుత్రీయ శ్రమణులవుతారని అక్కడి మాట. లోకం ఆయన్ను గౌతముడని గోత్రనామంతోనే ఇప్పటికీ పిలుస్తున్నదన్నది మరవరానిది. విడిచినవాడు విడిచినా పిలిచేవాడు విడవడు.

సన్న్యాసంలోనూ ఈ విడుపు ఉంది. బషీరాబాద్ నుంచి రైలు మార్గం వెంట పడమటికి వెళితే సేడం తాలూకాలో మళఖేడ్ వస్తుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. మధ్వాచార్యుల శిష్యులైన అక్షోభ్యతీర్థుల బృందావనం (సమాధి) అక్కడుంది. ఆయన శిష్యులై టీకాచార్యులుగా పేరొందిన జయతీర్థులకు పూర్వాశ్రమంలో ధోండోపంత్ అన్న పేరుండేదని మాధ్వ సంప్రదాయం చెబుతుంది. తీర్థ అన్న చివరి మాట ఇంటిది కాదు, గురుపరంపరది. నెత్తుటి వంశం స్థానంలో విద్యావంశం నిలిచింది.

బసవేశ్వరుడి కాలపు వీరశైవ శరణులు మరో దారి పట్టారు. వారు ఇల్లు విడవలేదు, పని విడవలేదు, పనినే పేరుకు ముందు నిలబెట్టుకున్నారు. 12వ శతాబ్దపు కల్యాణంలో చాకలి మాచయ్య మడివాళ మాచయ్యగా, పడవ నడిపే చౌడయ్య అంబిగర చౌడయ్యగా, బుట్టలల్లే కేతయ్య మేదార కేతయ్యగా గురువుల సరసన కూర్చున్నారు. లోకం తక్కువచేసి పిలిచే మాటనే వారు తలెత్తుకుని పలికారు. తాము చెప్పిన వచనాల చివర మాత్రం మాచయ్య, కేతయ్య వంటివారు తమ పేరు కాక ఇష్టదైవం పేరు ఉంచారు; చౌడయ్య తన పేరే ఉంచాడు. ఈ శరణుల కథలను తెలుగుకు అందించిన పాల్కురికి సోమనాథుడి ఇంటిపేరు ఊరి పేరే. అయినా ఆయన తన గోత్రం భృంగిరిటి గోత్రమని, కులం శివకులమని, తాను గురులింగ తనూజుడినని చెప్పుకున్నాడు. శివగణాల్లోని భృంగిని గోత్రర్షిని చేసుకోవడం అంటే పుట్టుకతో వచ్చిన వంశవృక్షం మొదలునే మార్చడం. ఊరి పేరును మాత్రం ఆయన మార్చలేదు, దానితో ఆయనకు పేచీ లేదు. గోత్రం ఎక్కువ తక్కువలను తెచ్చింది కాబట్టి దాన్ని కాదన్నాడు. ఊరు ఎక్కడివాడో చెబుతుంది, అంతే.

ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు ఆధారమైన ఖురాన్ ఇదే తేడాను వేరే మాటల్లో చూపింది. 49వ సూరా మనుషులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తుపట్టడానికని, దేవుని దగ్గర గౌరవం భక్తిని బట్టేనని అంటుంది. అదే సూరా అంతకు ముందే, ఒకరినొకరు కించపరిచే మారుపేర్లతో పిలుచుకోవద్దంటుంది. దత్తులను కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలన్నది 33వ సూరాలోని ఆదేశం. హిందూ దత్తత గోత్రాన్ని మారుస్తుంది, ఇది మార్చవద్దంటుంది. రెండు పద్ధతులూ పేరును ఒక బాధ్యతగా చూస్తున్నాయి; ఆ బాధ్యత ఎవరి పట్ల అన్న దగ్గరే వేరుపడ్డాయి.

ఇంటిపేరు ఎంతకాలం నిలుస్తుందన్నది పుణ్యం మీద ఆధారపడిందని పాత నమ్మకం. వంశం నిలవడం పూర్వుల సుకృతమని, అంతరించడం శాపమని అంటారు. 1874లో ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ ఈ సంగతికి లెక్క కట్టారు. ప్రతి తరంలో కొడుకులు పుట్టడం, పుట్టకపోవడం కేవలం యాదృచ్ఛికమని తీసుకున్నా, తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఇంటిపేర్లలో చాలావాటికి అంతరించే అవకాశం ఎక్కువని వారు చూపారు. ఇంటిపేరు అరుదు కావడానికీ మాసిపోవడానికీ ఎవరి పాపమూ అక్కరలేదు. కూతుళ్ల మీదుగా నెత్తురు నడుస్తూనే ఉంటుంది, పేరు మాత్రం ఆగిపోతుంది. కొడుకులు లేని ఇంట ఇల్లరికపు అల్లుణ్ని తెచ్చుకున్నా అతను తన పుట్టింటి హక్కులను పోగొట్టుకోడని న్యాయస్థానాలు తేల్చాయి. పేరును మనిషికి కట్టేసే ప్రయత్నంలో అది కూడా పూర్తిగా బిగిసిన ముడి కాదు.

సముద్రం దాటినవారి దగ్గర ఈ ముడి ఇంకా వదులైంది. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు మద్రాసు నుంచి ఓడలెక్కిన కూలీలను రాసుకున్న గుమాస్తాలు సొంత పేరు, తండ్రి పేరు అడిగి రాసుకున్నారు. ఆ పేర్లే తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి, నాయుడు అన్న బిరుదు 'నాయుడూ' అని వంశనామమైంది. ఓడ జాబితాల్లో ఊరి పేరు ఉన్నా అది ఇంటిపేరుగా వెంట వెళ్లకపోవడంతో ఎన్నో కుటుంబాలకు తిరుగుదారి తెలియకుండా పోయింది.

ఊరే పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండులో 14వ శతాబ్దపు మహమ్మారి తర్వాత పాడుపడిన పల్లెలు కొన్ని ఇప్పుడు ఇంటిపేర్లలో మాత్రమే మిగిలాయి. కృష్ణ మీద శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. గుడులు కొన్నింటిని రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి కట్టారు. ఆ ఊళ్ల నుంచి ముందే ఎక్కడికో తరలిపోయి ఆ పేరు మోస్తున్న కుటుంబాలకు అర్చనలో ఇంటిపేరు అడిగేవారు ఉండరు. పెళ్లి శుభలేఖ మీద, రేషను కార్డు మీద, బడి హాజరు పట్టీలో పిల్లవాడి పేరుకు ముందు ఆ నీటి కింది ఊరు ఉంటుంది.